పండ్లరసం దగ్గర నేర్చిన పని

1965లో జపాన్ వ్యవసాయ రసాయన సంఘం పత్రికలో యాపిల్ రసం తేటపడటం గురించి ఒక పరిశోధన పత్రం వచ్చింది. బూజుల్లో దొరికే పెక్టిన్ ఎంజైముల మీద వరసగా వెలువడుతున్న పత్రాల్లో అది పదమూడోది. రాసింది విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. టోక్యోలోని సాంక్యో అనే మందుల కంపెనీలో నెలజీతానికి పనిచేస్తున్న ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగి, పేరు అకిరా ఎండో. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులకు ఆద్యుడిగా తర్వాత లోకం గుర్తించింది ఈయన్నే. మన ఇళ్లలో పెద్దవాళ్లు రాత్రి భోంచేశాక వేసుకునే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ బిళ్లల మూలం వెతుక్కుంటూ పోతే ఆయన బల్ల దగ్గరికే చేరతాం. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు దేశదేశాలకు పంపే సరుకులో ఈ స్టాటిన్లూ ఉన్నాయి.

స్టాటిన్ కథ చాలామంది చెప్పారు. నాకు దానికి ముందున్న పదేళ్లంటే ఎక్కువ ఇష్టం. సూక్ష్మజీవుల మీద మనసుపడ్డ ఒక కుర్రాడు డిగ్రీ కాగానే కంపెనీలో చేరి, కంపెనీ అప్పజెప్పిన పనిలోంచే తన డాక్టరేటును పుట్టించుకున్న తీరు ఆ పదేళ్లలో ఉంది. ఆ పనితనం చూడకుండా ముందుకు వెళ్తే, తర్వాత ఆయనకు దొరికిందంతా అదృష్టంలా కనబడుతుంది.

ఎండో 1933లో ఉత్తర జపాన్‌లోని అకిటా ప్రాంతంలో రైతు కుటుంబంలో పుట్టారు. ఊరి చుట్టూ కొండలు, వాటి నిండా పుట్టగొడుగులు. ఈగలను చంపుతుంది గానీ మనిషికి ఏమీ చెయ్యని ఒక పుట్టగొడుగు చిన్నతనంలోనే ఆయన్ని పట్టేసింది. ఒక ప్రాణికి విషమైంది ఇంకో ప్రాణికి ఎందుకు కాదన్న ప్రశ్న ఆయన జీవితమంతా వెంట వచ్చింది. సెండాయ్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో వ్యవసాయ కళాశాలలో చదువుతున్నప్పుడు పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ జీవితకథ చదివి, బూజుల్లో మందులు వెతకాలన్న ఆశ పెంచుకున్నారు. 1957లో చదువు ముగియగానే సాంక్యోలో చేరారు. చేరిన చోటూ బూజు పుణ్యాన పుట్టిందే. జపనీయులు సాకే, మిసో తయారీకి వాడే కోజి బూజులోంచి తకమినే జోకిచి తీసిన జీర్ణ ఎంజైమును అమ్మడానికే 1899లో సాంక్యో మొదలైంది.

అయితే కంపెనీ ఆయనకు మందు కనిపెట్టమని చెప్పలేదు. పండ్లరసం తేటగా వచ్చే ఉపాయం చూడమంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏ ఎం.ఎస్సీ పిల్లాడికైనా ఇలాంటి పని చిన్నదిగా అనిపించే ప్రమాదం ఉంది. ఎండో దాన్ని చిన్నదిగా చూడలేదు.

పండు గుజ్జులో కణాన్ని కణానికి అతికించి ఉంచే జిగట పదార్థం పెక్టిన్. జామకాయ జెల్లీ గడ్డకట్టేది దీనివల్లే. యాపిల్‌నో ద్రాక్షనో పిండితే ఈ పెక్టిన్ రసంలోకి దిగి దాన్ని చిక్కబరుస్తుంది, సన్నటి నలుసుల్ని అడుక్కి దిగనివ్వకుండా తేలుస్తూ ఉంటుంది. వడగడితే గుడ్డ రంధ్రాలు మూసుకుపోతాయి. పెక్టిన్‌ను ముక్కలు చేసే ఎంజైము వేస్తే, బురదనీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి కలిపినట్టు, కలకంతా అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. అలాంటి ఎంజైమును పుష్కలంగా బయటికి వదిలే బూజు ఎక్కడ దొరుకుతుందన్నదే ఎండో ముందున్న ప్రశ్న.

ఆయన సుమారు 250 రకాల బూజుల్ని పెంచి చూశారు. గెలిచింది ద్రాక్షపండ్లను పట్టి కుళ్లబెట్టే కోనియోథైరియం డిప్లోడియెల్లా అనే పరాన్నజీవి. తర్వాత ఆలోచిస్తే అది గెలవడంలో న్యాయం ఉంది. పండు మీద పడి బతికే జీవి పండు గోడను కొరకలేకపోతే దానికి కూడే ఉండదు. ఏ జీవి ఏ పనికి పదునెక్కిందో అది తినే తిండిని బట్టి ఊహించవచ్చన్న పాఠం ఆయన చేతికి ఇక్కడే వచ్చింది. ఆ బూజు ఇచ్చిన ఎంజైము కొద్దికాలంలోనే బజారుకు వెళ్లింది. కంపెనీకి కావలసింది దొరికింది, పని ముగిసింది.

ఎండో పని అక్కడ మొదలైంది. బజారుకు వెళ్లిన సరుకు ఒక్క ఎంజైము కాదు, బూజు బయటికి వదిలిన అనేక ఎంజైముల కలగలుపు. రసం తేటపడుతున్నంత కాలం అందులో ఎవరు ఏ పని చేస్తున్నారో ఫ్యాక్టరీకి అక్కర్లేదు. ఎండోకు కావాలి. ఆ కలగలుపును ఒక్కో ఎంజైముగా విడదీయడం మొదలుపెట్టారు. బూజు పెరిగిన ద్రవాన్ని వడగట్టాలి, అందులోని ప్రోటీన్లను అవక్షేపించాలి, స్తంభాల గుండా దించి ఒక్కో పాయను వేరు గొట్టంలోకి పట్టాలి, ప్రతి గొట్టానికీ పెక్టిన్‌ను కోసే శక్తి ఎంతుందో కొలవాలి. ప్రతి మెట్టులోనూ కొంత సరుకు చేజారుతుంది. చివరికి మిగిలే చిటికెడులో ఇంకో ఎంజైము మరక లేదని రుజువు చేసుకోవాలి. ఏళ్ల తరబడి వరసగా వచ్చిన ఆ పత్రాలు ఇలా విడదీసిన ఒక్కో ఎంజైము జాతకం చెబుతాయి: ఏ ఆమ్లగుణంలో చురుగ్గా ఉంటుంది, ఏ వేడికి చస్తుంది, పెక్టిన్ గొలుసును మధ్యలో తెంచుతుందా, కొసనుంచి కొరుకుతూ వస్తుందా.

పదమూడో పత్రం ఆ శ్రమకు పంట. శుద్ధి చేసిన ఎంజైముల్ని యాపిల్ రసంలో వేసి చూస్తే పని ఒంటిచేత్తో అయ్యేది కాదని తేలింది. రెండు ఎంజైములు జతకూడాలి. కారణం యాపిల్ పెక్టిన్ కట్టుబాటులో ఉంది. దాని పొడవాటి గొలుసు పొడుగునా మిథైల్ గుంపులు తొడుగుల్లా బిగిసి ఉంటాయి. గొలుసును మధ్యలో తెంచే ఎంజైముకు ఆ తొడుగులుంటే పట్టు దొరకదు. పెక్టినెస్టరేజ్ అనే రెండో ఎంజైము తొడుగులు ఊడదీస్తే, మొదటిది వచ్చి కోస్తుంది. కలగలుపు సరుకు చేసిన పనిని, శుభ్రంగా విడదీసిన రెండు ఎంజైముల్ని తిరిగి కలిపి చేయించారు ఎండో.

ఈ పత్రాన్ని నేను అంతగా మెచ్చుకోవడానికి కారణం ఆ తిరిగి కలపడమే. విడదీయడం వరకూ చాలామంది చేస్తారు. విడదీసిన భాగాల్ని మళ్లీ కూర్చి, అసలు పని జరిగిందని చూపించేదాకా వివరణ సగంలోనే ఉన్నట్టు. పైగా ఆయన పరీక్షించింది గాజుసీసాలో కొనుక్కొచ్చిన శుద్ధ పెక్టిన్ మీద మాత్రమే కాదు, నిజమైన యాపిల్ రసం మీద. ఫ్యాక్టరీ సమస్య ఎక్కడ మొదలైందో అక్కడికే జవాబును తెచ్చి అప్పగించారు. విశ్వవిద్యాలయంలో పెరిగిన పరిశోధకుడు చాలాసార్లు ఈ చివరి అడుగు వెయ్యడు, ఫ్యాక్టరీలో పెరిగినవాడు మొదటి అడుగు వెయ్యడు. ఎండో రెండూ వేశారు.

ఈ పెక్టినేజ్ పనికే 1966లో తొహోకు విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేట్ ఇచ్చింది. జపాన్‌లో దీనికి పాత దారి ఒకటుంది. ఉద్యోగం మానకుండా, తరగతిలో పేరు నమోదు చేసుకోకుండా, ఏళ్లుగా చేసిన పనిని సిద్ధాంత గ్రంథంగా కూర్చి విశ్వవిద్యాలయానికి సమర్పిస్తే, అక్కడి ఆచార్యులు పరీక్షించి పట్టా ఇస్తారు. జపాన్ కంపెనీల్లో పనిచేసిన ఎందరో శాస్త్రవేత్తలు ఆ దారినే డాక్టర్లయ్యారు. మన దగ్గర జీనోమ్ వ్యాలీలోనో, పాశమైలారంలోనో, విశాఖ పరవాడలోనో క్వాలిటీ కంట్రోల్ బల్ల ముందు నిలబడే బయోటెక్, మైక్రోబయాలజీ పిల్లల్లో ఈ కోరిక ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఉద్యోగం చేస్తూనే పార్ట్‌టైమ్ పిహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు వీలు కల్పించాయి కూడా. కానీ కంపెనీలో గడిచిన ఏళ్లను ఆ పిల్లలే లెక్కలోకి తీసుకోరు. పరిశోధన అంటే అవన్నీ తుడిచేసి మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టడమే అనుకుంటారు. ఎండో పత్రాలు వాళ్లకోసమే చదివి వినిపించాలనిపిస్తుంది నాకు. రోజూ వందల నమూనాలను ఒకే కొలతతో కొలిచే క్రమశిక్షణ ఏ విశ్వవిద్యాలయమూ అంత బాగా నేర్పదు.

పట్టా వచ్చిన ఏడాదే ఆయన న్యూయార్క్ వెళ్లారు. బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో లారెన్స్ రాత్‌ఫీల్డ్ దగ్గర రెండేళ్లు పనిచేశారు. అక్కడ చేతికి వచ్చింది బ్యాక్టీరియా పొర కట్టడంలో పాలుపంచుకునే ఒక ఎంజైము. ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు తోడు లేకపోతే అది కదలదు. యాపిల్ రసంలో చూసినట్టే ఇక్కడా ఒక ఎంజైము పని ఇంకోదాని తోడు మీద ఆధారపడి ఉంది. ఎంజైముల లోకం నుంచి కొవ్వుల లోకంలోకి ఆయన అడుగుపెట్టిన గుమ్మం ఇదే. వీధిలోకి వస్తే ఆయనకు ఇంకో దృశ్యం కనబడింది: లావుపాటి మనుషులు, కొవ్వు నిండిన భోజనాలు, గుండెపోటు వచ్చిన ముసలివాళ్లను తీసుకుపోయే అంబులెన్సులు. ఆ రోజుల్లో అమెరికాలో చావులకు మొదటి కారణం గుండెజబ్బు. జపాన్‌లో ఆయన పుట్టి పెరిగిన పల్లెలో ఇది ఎరగని సంగతి.

శరీరంలో కొలెస్టరాల్ ఎలా తయారవుతుందో కనిపెట్టినందుకు కొన్రాడ్ బ్లాక్‌కు, ఫియోడోర్ లీనెన్‌కు 1964లో నోబెల్ వచ్చింది. ఆ విషయం అప్పటికే ఎండోను ఆకర్షించింది. మనం తిండిలో తీసుకునేదానికంటే మన కాలేయం తయారుచేసుకునే కొలెస్టరాలే ఎక్కువ. ఎసిటేట్ అనే చిన్న అణువుతో మొదలై, ముప్పై దాకా మెట్లెక్కి, కొలెస్టరాల్ దగ్గర ఆగుతుంది ఆ తయారీ. మొదటి మెట్లలో హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము ఉంది. మొత్తం వేగాన్ని నిర్ణయించేది అదే. అది చేసిచ్చే సరుకు పేరు మెవలోనేట్. ఆ ఎంజైమును ఆపితే కొలెస్టరాల్ తయారీ ఆగుతుంది.

దాన్ని ఆపే పదార్థం బూజుల్లో ఎందుకుండాలి? ఎండో ఊహ మళ్లీ బతుకుతెరువు మీదే ఆధారపడింది. ఎన్నో సూక్ష్మజీవులకు బతకడానికి ఈ మెవలోనేట్ దారిలో వచ్చే పదార్థాలు కావాలి. ఒకే ముద్ద కోసం పోటీపడే చోట, పక్కవాడి దారికి అడ్డుపడే పదార్థాన్ని ఏదో ఒక బూజు తయారుచేసుకుని ఉండవచ్చు. అలాంటిది ఉందని అప్పటికి ఎవరూ చూపలేదు. 1971 వసంతంలో మసావో కురోడాతో కలిసి ఆయన వెతుకులాట మొదలుపెట్టారు.

ఈ వెతుకులాటకు ఆయన కూర్చిన పరీక్ష దగ్గర ఆగాలి. ఎలుక కాలేయం నూరి తీసిన రసంలో కొలెస్టరాల్ కట్టే ఎంజైములన్నీ ఉంటాయి. పరీక్షనాళికలో ఆ రసం పోసి, కార్బన్-14తో గుర్తుపెట్టిన ఎసిటేట్ కలిపి, బూజు పెరిగిన ద్రవం కొద్దిగా వేసి, వెచ్చగా ఉంచుతారు. కాసేపయ్యాక డిజిటోనిన్ వేస్తే, తయారైన స్టెరాల్ జాతి పదార్థాలన్నీ ముద్దకట్టి కిందికి దిగుతాయి. ఆ ముద్దలో రేడియోధార్మికత ఎంతుందో లెక్కపెట్టాలి. లెక్క తగ్గిందంటే బూజు ద్రవంలో ఏదో అడ్డుపడిందని అర్థం.

కానీ ముప్పై మెట్లలో ఎక్కడ అడ్డుపడినా లెక్క తగ్గుతుంది. ప్రోటీన్లను పాడుచేసే ఏ మొరటు విషం పడినా తగ్గుతుంది. అందుకే రెండో వడపోత పెట్టారు. మొదటి పరీక్షలో నెగ్గిన ద్రవాన్నే తీసుకుని, ఈసారి ఎసిటేట్‌కు బదులు గుర్తుపెట్టిన మెవలోనేట్ ఇచ్చారు. ఇప్పుడు కొలెస్టరాల్ మామూలుగా తయారైతే, మెవలోనేట్ తర్వాతి మెట్లన్నీ క్షేమంగా ఉన్నట్టే. అంటే అడ్డు పడింది మెవలోనేట్‌కు ముందు, తనకు కావలసిన చోటే. రెండు పరీక్షల మధ్య తేడా ఒక్క పదార్థం మార్చడమే, ఆ మార్పుతో ముప్పై మెట్ల దారిలో లక్ష్యం మొదటి కొన్ని మెట్లకు కుదించుకుపోయింది. వేల నమూనాలు చెయ్యాల్సినవాడికి కావలసింది ఇంత సరళమైన పరీక్షే. పెక్టినేజ్ రోజుల్లో 250 బూజుల్ని కొలిచిన చెయ్యి కూర్చిన పరీక్ష ఇది. నా దృష్టిలో స్టాటిన్ ఆవిష్కరణ కంటే ఈ జంట వడపోతే గొప్ప పని, ఎందుకంటే దొరకడం బూజు దయ, దొరికినదాన్ని గుర్తుపట్టడం మనిషి నేర్పు.

రెండేళ్లలో 6,000 దాకా సూక్ష్మజీవుల్ని ఆ వడపోతలో వేశారు. తొలుత సిట్రినిన్ అనే పదార్థం తగిలింది. అది ఎంజైమును ఆపింది గానీ మూత్రపిండాలను దెబ్బతీసేది కావడంతో పక్కనపెట్టారు. తర్వాత క్యోటోలోని ఓ ధాన్యపు దుకాణం నుంచి తెచ్చిన బియ్యం మీది నీలిపచ్చ బూజు వంతు వచ్చింది. పెన్-51 అని సంఖ్య వేసిన ఆ బూజు పెన్సిలియం సిట్రినం, ఫ్లెమింగ్ బూజుకు దాయాది. 1973లో దానిలోంచి శుద్ధి చేసి తీసిన పదార్థానికి ఎంఎల్-236బి అని పేరుపెట్టారు. దాని అణువులో ఒక కొస, ఆ రిడక్టేజ్ మెవలోనేట్‌గా మార్చే హెచ్‌ఎంజీ ఆకారంలోనే ఉంటుంది. ఎంజైము తను మార్చాల్సిన అసలు పదార్థం కంటే దీన్ని సుమారు పదివేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది.

ఇదే అణువును ఇంగ్లండ్‌లో బీచమ్ కంపెనీవాళ్లు వేరే పెన్సిలియంలోంచి విడిగా తీశారు. 1976లో దాన్ని శిలీంధ్రనాశనిగా ప్రకటించి కాంపాక్టిన్ అన్నారు. లోకంలో నిలిచింది ఆ పేరే. వాళ్ల పరీక్ష బూజుల్ని చంపే గుణం కోసం, దొరికిందీ ఆ గుణమే. ఎండో పరీక్ష కొలెస్టరాల్ దారిలో మొదటి మెట్ల కోసం కాబట్టి ఆయనకు గుండెజబ్బు మందు కనబడింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. నాళికలో అంత బలంగా పనిచేసిన కాంపాక్టిన్ ఎలుకలకిస్తే వాటి రక్తంలో కొలెస్టరాల్ తగ్గలేదు. ఎలుకలో పనిచెయ్యని పదార్థాన్ని మందుల కంపెనీలు అక్కడితో వదిలేస్తాయి. ఎండో వదల్లేదు. ఎలుక కాలేయం అడ్డును గమనించి ఆ ఎంజైమునే కొన్ని రెట్లు ఎక్కువ తయారుచేసుకుంటోందని తర్వాత తేలింది. అది తేలకముందే ఆయన ఇంకో జంతువు కోసం చూశారు. 1976లో ఓ సాయంత్రం ఇంటికి పోతూ ఆగిన బారులో, సాంక్యోలోనే గుడ్లు పెట్టే కోళ్లతో ప్రయోగాలు చేస్తున్న నోరిటోషి కిటానో కలిశారు. గుడ్డు నిండా కొలెస్టరాలే, మరి అంత కొలెస్టరాల్ గుడ్డులోకి పంపే పెట్ట రక్తంలో అది పుష్కలంగా ఉండాలి కదా అన్నది ఎండో తర్కం. దాణాలో కాంపాక్టిన్ కలిపి నెలపాటు పెట్టి చూస్తే రక్తంలో కొలెస్టరాల్ సగం దాకా పడిపోయింది. కోళ్లు మామూలుగానే తిన్నాయి, మామూలుగానే గుడ్లు పెట్టాయి.

బారులో కలవడాన్ని అదృష్టం అనొచ్చు. కానీ ఎండో ఆలోచన నడిచిన దారి చూడండి. పండు కుళ్లబెట్టే బూజు పెక్టిన్ కొరుకుతుంది, పోటీలో బతికే బూజు పక్కవాడి దారికి అడ్డుపడుతుంది, గుడ్డు పెట్టే జీవి కొలెస్టరాల్ మోస్తుంది. జీవి ఎలా బతుకుతోందో చూసి దాని లోపలి రసాయనాన్ని ఊహించడం ఆ మూడు చోట్లా ఒకటే. వ్యవసాయ కళాశాలలో చదివిన రైతుబిడ్డ చూపు అది.

తర్వాతి సంగతులు చాలాచోట్ల దొరుకుతాయి కాబట్టి ముక్తసరిగా చెబుతాను. కుక్కల్లో, కోతుల్లో కాంపాక్టిన్ పనిచేసింది. 1978లో ఒసాకాలో వైద్యుడు అకిరా యమమోటో పుట్టుకతోనే కొలెస్టరాల్ విపరీతంగా ఉన్న రోగులకు ఇస్తే తగ్గింది. అధిక మోతాదుల్లో కుక్కలకు క్యాన్సర్ వచ్చినట్టు అనుమానం రావడంతో 1980లో సాంక్యో ఆ మందు పనిని ఆపేసింది. సాంక్యో ఇచ్చిన నమూనాలను చూసిన అమెరికా కంపెనీ మెర్క్ తన సొంత వెతుకులాట మొదలుపెట్టి ఆస్పర్జిల్లస్ టెర్రియస్ అనే బూజులోంచి ఇంకో స్టాటిన్ తీసింది. ఈ మందుల మీద ఎండోకు సొంతానికి రాబడి ఏమీ రాలేదు. 2008లో అమెరికా లాస్కర్ పురస్కారం వచ్చింది. 2024 జూన్ 5న, తొంభయ్యో ఏట కన్నుమూశారు.

ఒక్క సంగతికి మాత్రం వెనక్కి వెళ్లాలి. 1978 చివర్లో ఆయన సాంక్యో వదిలి టోక్యో నోకో విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యారు. మందుల కంపెనీ ప్రయోగశాలతో పోలిస్తే అక్కడి వసతులు తక్కువే. అయినా 1979 ఫిబ్రవరికల్లా మోనాస్కస్ రూబర్ అనే ఎర్రబూజులోంచి కాంపాక్టిన్ కంటే చురుకైన పదార్థాన్ని తీసి మోనాకోలిన్-కె అన్నారు. మెర్క్ వాళ్లు వేరే ఖండంలో, వేరే బూజులోంచి తీసిన అణువూ ఇదీ ఒకటేనని తర్వాత తేలింది. 1987 సెప్టెంబరులో అమెరికాలో వాడకానికి అనుమతి పొందిన మొట్టమొదటి స్టాటిన్ ఆ అణువే. మందుల దుకాణాల్లో దాని పేరు లోవాస్టాటిన్.